జర్మన్ మూకీలలో భయానకం: నిద్రలో నడిచినవాని కథ

2024 డిసెంబరులో అమెరికాలో విడుదలైన "నోస్ఫెరాతు" చిత్రం మరుసటి ఏడాది ఆస్కారు బహుమతుల పరిశీలనకు నాలుగు శాఖలలో ఎంపిక అయినది. ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తుల రూపకల్పన, ముఖాలంకరణ - నాలుగూ కంటికి సంబంధించిన విద్యలే. దర్శకుడు రాబర్ట్ ఎగ్గర్స్ ఎన్నుకొన్న కథ మాత్రం కొత్తది కాదు. ఎఫ్.డబ్ల్యు. ముర్నౌ తీసిన మూకీ చిత్రం అదే పేరుతో 1922లో బెర్లిన్‌లో ప్రదర్శితమైనది. 1979లో వెర్నర్ హెర్జోగ్ ఆ కథను మళ్లీ తెరకెక్కించినాడు. నూరేండ్లు దాటినా ఆ పొడవైన గోళ్ల నీడ గోడమీద మెట్లెక్కుతూనే ఉన్నది.

ఒక పిశాచకథ మీద ఇంత మోజు ఎందుకని అడిగేవారు లేకపోలేదు. దయ్యాల కథలు ఏ దేశంలోనైనా ఉన్నవి. భేతాళుని కథలు విని పెరిగిన తెలుగు పిల్లలకు శవం మాట్లాడడం వింత కాదు. కాని 1913 మొదలు 1922 వరకు జర్మనీలో వెలసిన భయానక చిత్రాలలో దయ్యంకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. అది ఆజ్ఞ. ఒకడు ఆజ్ఞాపిస్తాడు. మరొకడు కండ్లు తెరచుకొనే నిద్రలో ఆ ఆజ్ఞను నెరవేరుస్తాడు. చుట్టూ ఉన్న ఊరు ఏమి జరుగుతున్నదో తెలియక భయంతో తలుపులు మూసుకొంటుంది. ఈ కథను తెరమీద ఆడినవారి జీవితాలే తరువాత దానికి వ్యాఖ్యానం వ్రాసినవి. కనుకనే ఈ చిత్రాల వారసత్వాన్ని విచారించడం సినిమా చరిత్రకు మాత్రమే సంబంధించిన పని కాదు.

ముందుగా అవి పుట్టిన కాలాన్ని గుర్తు చేసుకోవలె. 1914లో మొదలైన మహాయుద్ధంలో జర్మనీ సుమారు 20 లక్షలమంది సైనికులను పోగొట్టుకొన్నది. 1918లో చక్రవర్తి సింహాసనం వదలి హాలెండుకు వెళ్లిపోయినాడు. అదే ఏడు వ్యాపించిన విషజ్వరం యుద్ధం మిగిల్చిన ఇండ్లను కూడ విడిచిపెట్టలేదు. బెర్లిన్ వీథులలో తిరుగుబాటుదారులకూ సైనికులకూ నడుమ తుపాకులు పేలినవి. డబ్బు విలువ నానాటికి పడిపోయి 1923 నవంబరు నాటికి ఒక అమెరికన్ డాలరుకు 4 లక్షల కోట్లకు మించి మార్కులు చెల్లించవలసి వచ్చినది. యుద్ధరంగం నుండి తిరిగి వచ్చినవారిలో చేతులు వణికేవారు, మాట పడిపోయినవారు, నిద్రలో కేకలు వేసేవారు ఎందరో ఉన్నారు. వారికి చికిత్స చేసిన సైనిక వైద్యులలో కొందరు విద్యుత్తును, హిప్నటిజాన్ని, గద్దింపును ఆయుధాలుగా వాడినారు. రోగిని తిరిగి పనికో యుద్ధానికో పంపడమే ఆ చికిత్స లక్ష్యం. వైద్యుడు కాపాడేవాడా, ఆజ్ఞాపించేవాడా అన్న సందేహం ఆనాటి జర్మన్లకు పుస్తకాలలో చదివినది కాదు, ఒంటిమీద పడినది.

చిత్రపరిశ్రమకు మాత్రం యుద్ధం విచిత్రమైన మేలు చేసినది. 1916లో ప్రభుత్వం విదేశీ చిత్రాల దిగుమతిని నిషేధించినది. 1917 డిసెంబరులో సైన్యాధిపతుల ప్రోద్బలంతో ఊఫా అనే పెద్ద సంస్థ ఏర్పడినది. పోటీ లేని బజారులో చిన్న కంపెనీలు కూడ పుట్టగొడుగులవలె పుట్టుకొచ్చినవి. అప్పటికే బెర్లిన్ రంగస్థలంమీద మాక్స్ రైన్‌హార్ట్ అనే ప్రయోక్త వెలుతురునూ చీకటినీ పాత్రలవలె నడిపించి చూపినాడు. పాల్ వెగెనర్, కాన్రాడ్ ఫైట్, వెర్నర్ క్రౌస్, ముర్నౌ - వీరందరూ ఆయన నాటకశాలలో పనిచేసినవారే. చిత్రకళలో అప్పటికే స్థిరపడిన అభివ్యక్తివాదం బయటి వస్తువును ఉన్నట్లు కాక, చూచేవాని మనస్సులో అది ఎట్లా వంకరపోయినదో అట్లా గీయడం నేర్పినది. ధనం లేదు, కాని చేయి తిరిగిన పనివాండ్లు ఉన్నారు. చెప్పుకోవడానికి భయం ఉన్నది. ఈ కలయికలో పుట్టినదే జర్మన్ భయానక చిత్రం.

దీనికి తొలి అడుగు 1913లోనే పడినది. "ప్రాగ్ విద్యార్థి" అనే చిత్రంలో బాల్డ్విన్ అనే పేద విద్యార్థి బంగారానికి ఆశపడి తన ప్రతిబింబాన్ని అమ్ముకొంటాడు. అద్దంలోని రూపం గడప దాటి బయటికి నడచి వస్తుంది. విద్యార్థి చేయనని మాట ఇచ్చిన హత్యను ఆ రూపం చేసివేస్తుంది. ఛాయాగ్రాహకుడు గైడో సీబర్ ఒకే ఫిల్ముమీద రెండుసార్లు చిత్రీకరించి, వెగెనర్‌ను వెగెనర్‌కే ఎదురుగా నిలబెట్టినాడు. మనిషిలోనే మరొక మనిషి ఉన్నాడనీ, వాడు చేసిన పనికి తాను జవాబుదారీ కావలసి వస్తుందనీ చెప్పడానికి మాటలు లేని సినిమా ఎంత సమర్థమైనదో ఈ చిత్రం నిరూపించినది.

1920 ఫిబ్రవరి 26న బెర్లిన్‌లో ప్రదర్శితమైన "డాక్టర్ కాలిగారి కాబినెట్" ఈ మార్గంలో మైలురాయి. దర్శకుడు రాబర్ట్ వీనె. కథ వ్రాసినవారు హాన్స్ యానోవిట్స్, కార్ల్ మాయర్ అనే ఇద్దరు యువకులు. యానోవిట్స్ సైన్యంలో పనిచేసి యుద్ధద్వేషిగా తిరిగి వచ్చినవాడు. మాయర్ సైనిక మానసిక వైద్యుని పరీక్షలలో నలిగినవాడని యానోవిట్స్ తరువాత వ్రాసినాడు. కథలో కాలిగారి తిరునాళ్లలో గుడారం వేసి, పెట్టెలో నిలబెట్టిన సెజారె అనే నిద్రాచరుని ప్రదర్శిస్తాడు. పగలు ఆ సెజారె జోస్యం చెపుతాడు. రాత్రి యజమాని ఆజ్ఞమీద హత్యలు చేస్తాడు. తీరా వెంబడించి చూస్తే ఆ యజమాని ఒక పిచ్చాసుపత్రికి అధిపతి!

ఈ చిత్రానికి హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు కళాకారులు రంగాలంకరణ చేసినారు. ఇండ్లు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటవి. కిటికీలు కత్తుల ఆకారంలో ఉంటవి. వీథులు ఎక్కడికీ పోవు. వెలుతురునూ నీడలనూ దీపాలతో మాత్రమే కాక కుంచెతో నేలమీదా గోడమీదా చిత్రించినారు. పురపాలక గుమాస్తా కూర్చున్న ఎత్తైన పీట ఒక్కటి చాలు, అధికారం అంటే ఏమిటో చెప్పడానికి. ఎదుట నిలిచినవాడు ఎంతవాడైనా తల పైకెత్తి చూడవలసినదే. ఒక హత్యను చూపవలసి వచ్చినప్పుడు దర్శకుడు గోడమీద రెండు నీడల పెనుగులాటను మాత్రమే చూపినాడు. తోలుబొమ్మలాట చూచిన తెలుగువారికి నీడ కథ చెప్పగలదన్న సంగతి క్రొత్త కాదు. కాని ఇక్కడ నీడ కథ చెప్పడమే కాదు, చెప్పరానిదానిని ప్రేక్షకుని ఊహకు అప్పగించినది.

భరతముని భయానక రసానికి నల్లని వర్ణాన్ని, కాలుని అధిదేవతగాను చెప్పినాడు. ఆ లెక్కన చూస్తే జర్మన్ కళాకారులు ఆ వర్ణాన్ని పాత్రలకు పూయక పరిసరాలకు పూసినారనవచ్చు. భయం రాక్షసుని కోరలలో లేదు. గోడ వంపులో ఉన్నది, తలుపు సందులో ఉన్నది. చూచేవాడు తాను నిలుచున్న నేలనే నమ్మలేకపోతాడు. ఓడిపోయిన దేశంలో, నిన్నటి డబ్బు నేటికి చెల్లని వీథులలో నడచిన ప్రేక్షకునికి ఆ వంకర ఊరు పరాయి ఊరుగా తోచి ఉండదు.

అదే 1920 అక్టోబరులో వెగెనర్ నటించి, కార్ల్ బోజెతో కలిసి దర్శకత్వం వహించిన "గోలెమ్" వచ్చినది. చక్రవర్తి ప్రాగ్ నగరంలోని యూదులను వెళ్లగొట్టుమని ఆజ్ఞ ఇస్తాడు. తన ప్రజలను కాపాడుకోవడానికి లోవ్ అనే యూదుమతగురువు మట్టితో మనిషిని చేసి, అతని రొమ్ముమీద నక్షత్రంలో మంత్రాక్షరాలు ఉంచి ప్రాణం పోస్తాడు. సేవకుడుగా పుట్టిన మట్టిమనిషి చివరికి చెప్పినట్లు వినడు. భస్మాసురుని కథ ఎరిగినవారికి ఇందులోని నీతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడ మరొక చమత్కారం ఉన్నది. మహామంత్రవేత్త ఆపలేని గోలెమ్‌ను ఊరి వాకిట ఆడుకొంటున్న చిన్నపిల్ల, భయమంటే ఎరుగనిది, ఆటగా నక్షత్రాన్ని ఊడదీసి ఆపివేస్తుంది. ప్రసిద్ధ వాస్తుశిల్పి హాన్స్ పోల్‌ట్సిగ్ ఈ చిత్రానికి మట్టిని పిసికి చేసినట్లుండే ఊరిని కట్టించినాడు. కార్ల్ ఫ్రాయిండ్ ఛాయాగ్రాహకుడు.

ముర్నౌ మార్గం వేరు. గీసిన ఊరు ఆయనకు అవసరం లేకపోయినది. "నోస్ఫెరాతు" కోసం ఆయన జర్మనీలోని విస్మార్, ల్యూబెక్ పట్టణాలకు, నేడు స్లొవాకియాలో ఉన్న ఒరావా కోటకు వెళ్లి నిజమైన గోడలమీద, నిజమైన సముద్రంమీద భయాన్ని పరచినాడు. అడవిలో బండి ప్రయాణాన్ని నెగటివ్‌గా చూపి చెట్లను తెల్లని ఎముకలవలె చేసినాడు. ఆర్లాక్ ప్రభువు పాత్ర ధరించిన నటుడు మాక్స్ ష్రెక్. జర్మన్ భాషలో ష్రెక్ అంటే భయమనే అర్థం. పిశాచం ఎక్కిన ఓడ రేవు చేరగానే ఎలుకలు దిగుతవి, వెనుకనే మహమ్మారి దిగుతుంది. ఇండ్ల తలుపులమీద గుర్తులు పడుతవి. ఇరుకు వీథిలో శవపేటికల వరుస కదలిపోతుంది. విషజ్వరాన్ని చూచి నాలుగేండ్లైనా కాని ప్రేక్షకులకు అది కల్పన అనిపించి ఉండదు. సూర్యకాంతి సోకి పిశాచం నశించడమన్న ఊహ కూడ ఈ చిత్రంతోనే ప్రచారంలోకి వచ్చినది. బ్రామ్ స్టోకర్ 1897లో వ్రాసిన నవలలో డ్రాక్యులా పగలు కూడ తిరుగుతాడు.

ఈ చిత్రాలన్నింటినీ కలిపే సూత్రమేమిటని విచారించినవారిలో సీగ్‌ఫ్రీడ్ క్రాకౌర్ ముఖ్యుడు. హిట్లర్ అధికారానికి రాగానే జర్మనీ వదలి ముందు పారిస్‌కు, తరువాత అమెరికాకు వెళ్లిన ఈ యూదు రచయిత 1947లో "కాలిగారి నుండి హిట్లర్ వరకు" అనే గ్రంథం ప్రకటించినాడు. కాలిగారి, మబూసె వంటి వశీకరణవేత్తల పాత్రలలో జర్మన్ ప్రజల మనస్సు రాబోయే నియంతను ముందే ఊహించుకొన్నదని ఆయన వాదం. రచయితలిద్దరూ అధికారాన్ని నిలదీసే కథ వ్రాస్తే, చిత్రంలో కథ చెపుతున్నవాడే పిచ్చివాడని ముగింపు చేర్చి నిర్మాతలు దాని కోరలు పీకినారని కూడ ఆయన ఆరోపించినాడు.

ఈ వాదం చాలాకాలం వేదవాక్యంగా చెల్లినది. తరువాత దానికి బీటలు పడినవి. క్రౌస్ దగ్గర ఉన్న మూలరచన ప్రతి బెర్లిన్ చిత్రభాండాగారానికి చేరిన తరువాత, అందులోనూ కథకు ఒక చట్రం ఉన్నదని తేలినది. పిచ్చాసుపత్రి లేదుగాని, పాత సంగతిని మిత్రులకు చెప్పుకొనే ఘట్టం ఉన్నది. అంతేకాక, ఫలితం తెలిసిన తరువాత వెనుకకు చూచి శకునాలు ఏరడం సులభం. ఆనాటి జర్మన్ ప్రేక్షకులు హాస్యచిత్రాలూ చారిత్రక చిత్రాలూ కూడ విరివిగా చూచినారు. వాటిలో నియంత నీడ ఎవరికీ కనిపించలేదు. 1952లో లోట్టె ఐస్నర్ ఫ్రెంచిభాషలో వ్రాసిన గ్రంథం రైన్‌హార్ట్ రంగస్థలంలోనూ, జర్మన్ కాల్పనిక సాహిత్యంలోనూ ఈ కళకు మూలాలు వెదకినది. 2009లో ఆంటన్ కేస్ అనే పండితుడు ఈ చిత్రాలు రాబోయే హిట్లర్‌ను కాదు, గడచిన యుద్ధాన్ని చూస్తున్నవని వాదించినాడు. సెజారె రేపటి ప్రజలకు గుర్తు కాదు, నిన్నటి సైనికునికి గుర్తు అని ఈ మాటలకు తాత్పర్యం.

ఈ వాదాలలో ఏది సరి? చిత్రాలు జోస్యం చెప్పవు. తీసినవారికి పదేండ్ల తరువాత ఏమి జరుగుతుందో తెలియదు. కాని రోగం నయం కాకుండా మిగిలిపోతే నిన్నటి గాయాన్ని చూపే బొమ్మే రేపటికీ సరిపోతుంది. ఆజ్ఞ ఎవరిదైనా నెరవేర్చడమే ధర్మమనే అలవాటు 1918తో పోలేదు. 1933లో దానికి క్రొత్త యజమాని దొరికినాడు. ఈ అర్థంలో రెండు వాదాలూ ఒకే నాణేనికి రెండు ముఖాలు.

కాలిగారి చిత్రంలో నటించిన ఇద్దరి జీవితాలు ఈ సంగతికి సాక్ష్యం. ఆజ్ఞలను పాలించే సెజారెగా నటించిన కాన్రాడ్ ఫైట్ 1933లో, యూదువంశానికి చెందిన భార్యతో కలిసి జర్మనీని వదలినాడు. మరుసటి ఏడు బ్రిటన్‌లో యూదుల పట్ల సానుభూతితో తీసిన "జ్యూ స్యూస్" చిత్రంలో యూదు నాయకపాత్ర ధరించినాడు. 1942లో హాలీవుడ్ చిత్రం "కాసాబ్లాంకా"లో నాజీ సేనాని పాత్రను అసహ్యం పుట్టించేటట్లు నటించి, 1943లో పరదేశంలోనే కన్నుమూసినాడు. ఆజ్ఞాపించే కాలిగారిగా నటించిన వెర్నర్ క్రౌస్ జర్మనీలోనే ఉండిపోయి ప్రభుత్వ నటుడనే బిరుదు అందుకొన్నాడు. 1940లో గోబెల్స్ ప్రచారశాఖ ప్రోత్సాహంతో వచ్చిన "యూద్ స్యూస్"లో ఆయన పలు యూదు పాత్రలు తానే ధరించి, ఆ జాతిమీద ద్వేషం రేపడానికి తన విద్యనంతా ధారపోసినాడు. ఆ పాత్రలలో ఒక మతగురువు పేరు లోవ్. "గోలెమ్"లో తన జనాన్ని కాపాడిన గురువు పేరు కూడ అదే. ఈ చిత్రాన్ని తప్పక చూడవలెనని హిమ్లర్ తన దళాలకూ పోలీసులకూ ఉత్తరువు ఇచ్చినాడు.

తెరమీద నిద్రలో నడిచినవాడు బ్రతుకులో మేలుకొన్నాడు. తెరమీద ఆజ్ఞాపించినవాడు బ్రతుకులో ఆజ్ఞాబద్ధుడైనాడు. ఇద్దరూ గొప్ప నటులే. ఇద్దరూ ఒకే గురువు దగ్గర, ఒకే చిత్రంలో పని నేర్చినవారే. కళలో నైపుణ్యం మనిషి వివేకానికి హామీ కాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం. యుద్ధానంతరం క్రౌస్ విచారణను ఎదుర్కొన్నాడు. అయినా 1954లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఆయనకు గౌరవపతకం ఇచ్చినది. కథ వ్రాసిన మాయర్ 1944లో లండన్‌లో, దర్శకుడు వీనె 1938లో పారిస్‌లో మరణించినారు. 

"నోస్ఫెరాతు" విషయంలో సమస్య మరింత చిక్కైనది. తూర్పునుండి వచ్చిన పరదేశి, వంకర ముక్కు, వెంట ఎలుకలు, ఎలుకల వెంట మహమ్మారి - ఈ బొమ్మలో యూదులమీద ప్రచారంలో ఉన్న దుష్టచిత్రణ పోలికలు ఉన్నవని విమర్శకులు చాలాకాలంగా చెపుతున్నారు. ముర్నౌ ఉద్దేశం అది అనడానికి ఆధారం లేదు. పిశాచప్రభువుకు వశుడైన నాక్ పాత్ర ధరించిన అలెగ్జాండర్ గ్రానాఖ్ స్వయంగా యూదుడు. పైగా చిత్రంలోనే దీనికి విరుగుడు ఉన్నది. మహమ్మారికి కారకుడెవడో తెలియని జనం కోపంతో నాక్‌ను తరుముతుంది. పొలంలో దిష్టిబొమ్మను అతడే అనుకొని చీల్చి చెండాడుతుంది. అసలు పిశాచం మాత్రం క్షేమంగా తన ఇంట ఉన్నది. భయపడిన మూక దోషిని వదలి దొరికినవాని మీద పడుతుందని ఇంతకంటె స్పష్టంగా చెప్పనక్కరలేదు. అయినా 1940లో "నిత్య యూదుడు" అనే నాజీ ప్రచారచిత్రం ఎలుకల గుంపులను చూపి, యూదులను వాటితో పోల్చినది. ముర్నౌ ఎలుకలు కల్పన. ఈ ఎలుకలను సత్యమని చెప్పి చూపినారు. ఒక బొమ్మ భయాన్ని పరీక్షకు పెట్టగలదు, అదే బొమ్మ ద్వేషానికి ముడిసరకు కాగలదు. తేడా బొమ్మలో కొంత, చూపే చేతిలో కొంత, చూచే కంటిలో కొంత ఉన్నది.

ఈ కళ జర్మనీ ఎల్లలు దాటి వెళ్లిన తీరు కూడ గమనింపదగినది. కార్ల్ ఫ్రాయిండ్ అమెరికా చేరి 1931లో "డ్రాక్యులా"కు ఛాయాగ్రాహకుడైనాడు. 1932లో "మమ్మీ"కి దర్శకత్వం వహించినాడు. 1931 నాటి "ఫ్రాంకెన్‌స్టైన్"లో రాక్షసుడు, చిన్నపిల్ల ఎదురుపడే ఘట్టంలో "గోలెమ్" పోలికలు కనబడుతవి. 1924లో పనిమీద ఊఫా స్టూడియోకు వెళ్లిన ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ అక్కడ ముర్నౌ పనిచేయడం చూచి నేర్చుకొన్నాడు. ఫ్రిట్స్ లాంగ్ తీసిన "డాక్టర్ మబూసె మరణశాసనం" 1933 మార్చిలో నిషేధానికి గురి అయినది. ఆయన ఆ ఏడే దేశం వదలినాడు. హాలీవుడ్‌లో 1940 దశకంలో వెలసిన నేరకథాచిత్రాలలోని తడి వీథులు, కిటికీ కమ్మీల నీడలు ఇటువంటి ప్రవాసులు మూట కట్టుకొని తెచ్చినవే.

భారతదేశానికి కూడ ఆ వెలుతురు విద్య కొంత చేరినది. వాల్తేరులో 1908లో పుట్టిన దేవికారాణి, ఆమె భర్త హిమాంశు రాయ్ బెర్లిన్ ఊఫా స్టూడియోలో పని చూచి వచ్చి 1934లో బొంబాయి టాకీస్ స్థాపించినారు. 1925 నాటి "లైట్ ఆఫ్ ఏషియా" కోసం మ్యూనిక్ నుండి తొలిసారి ఇక్కడికి వచ్చిన యోసెఫ్ విర్షింగ్ ఆ సంస్థకు ఛాయాగ్రాహకుడైనాడు. యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడుగా నిర్బంధించినది. విడుదలైన తరువాత ఆయన 1949లో "మహల్" చిత్రం తీసినాడు. పాత భవనం, ఊగే దీపం, మెట్లమీద తెల్లని వస్త్రం, ఎక్కడినుండో వినవచ్చే పాట - హిందీ సినిమాలో దయ్యపు భవనాల కథలకు ఒరవడి పెట్టిన ఆ చిత్రంలో జర్మన్ చీకటిని గుర్తుపట్టడం కష్టం కాదు. విర్షింగ్ 1967లో మరణించేవరకు భారతదేశంలోనే ఉన్నాడు.

ఇంతటి వారసత్వం మిగలడం కూడ అదృష్టవశాన జరిగినదే. "నోస్ఫెరాతు" తీసిన కంపెనీ పేరు ప్రాణ ఫిల్మ్. భారతీయ తత్త్వవిషయాలమీది మక్కువతో పెట్టుకొన్న సంస్కృత నామం అది. ఆ కంపెనీ స్టోకర్ నవలకు హక్కులు కొనకుండానే పేర్లు మార్చి కథను వాడుకొన్నది. రచయిత భార్య ఫ్లారెన్స్ స్టోకర్ దావా వేయగా, కంపెనీ అప్పటికే దివాళా తీసి ఉన్నందున, 1925లో కోర్టు చిత్రం ప్రతులన్నింటినీ ధ్వంసం చేయుమని తీర్పు చెప్పినది. విదేశాలకు వెళ్లిన ప్రతులు మిగిలినవి కనుక చిత్రం బ్రతికినది. వెగెనర్ 1915లో తీసిన తొలి "గోలెమ్" తునకలు మాత్రమే దక్కినవి. ముర్నౌ 1920లో తీసిన "జానస్ ముఖం" పూర్తిగా పోయినది. తెలుగువారు ఈ నష్టాన్ని సులభంగా అర్థం చేసుకోగలరు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" నేడు లేదు. దక్షిణాది మూకీలలో 1933 నాటి "మార్తాండవర్మ" దక్కినదంటే, గ్రంథహక్కుల వివాదంలో చిక్కుకొని దాని ప్రతి తిరువనంతపురంలో ఒక పుస్తకసంస్థలో మూలబడి ఉండడమే కారణం. ఒకచోట హక్కుల దావా చిత్రాన్ని చంపబోయినది, మరొకచోట అటువంటి దావాయే బ్రతికించినది.

మిగిలినదానిని కాపాడడంలో లోట్టె ఐస్నర్ పాత్ర మరువరానిది. 1933లో ప్రాణభయంతో పారిస్ చేరి, 1940లో నిర్బంధశిబిరంలో కష్టాలు పడిన ఆ యూదు మహిళ, తరువాత ఫ్రెంచి చిత్రభాండాగారంలో తనను వెళ్లగొట్టిన దేశం చిత్రాలను ఏరికూర్చి భద్రపరచినది. 1974లో ఆమె జబ్బుపడినదని విని హెర్జోగ్ మ్యూనిక్ నుండి పారిస్‌కు కాలినడకన వెళ్లినాడు. నడుమ తెగిపోయిన తరానికీ క్రొత్త తరానికీ ఆమెయే వంతెన.

జర్మనీలోని వీస్‌బాడెన్‌లో 1966లో ముర్నౌ పేరుతో ఒక సంస్థ ఏర్పడినది. నశించిపోతున్న నెగటివ్‌ను ఆధారంగా తీసుకొని 2014లో కాలిగారి చిత్రానికి ఆ సంస్థ పునర్జీవం పోసినది. "యూద్ స్యూస్" హక్కులు కూడ ఆ సంస్థ చేతిలోనే ఉన్నవి. దానిని తగులబెట్టలేదు, బజారులో అమ్మనూలేదు. ముందుగా తెలిసినవారు పరిచయోపన్యాసం చేసి, చివర చర్చ జరిపితేనే ప్రదర్శనకు అనుమతి ఇస్తున్నారు. ఈ నియమంలో ఒక ఉపాధ్యాయుని వివేకం ఉన్నది. విషాన్ని దాచిపెడితే దాని రుచి తెలియదు, విచ్చలవిడిగా పంచితే ప్రాణం దక్కదు. పేరు వ్రాసి, తాళం వేసి, అవసరమైనప్పుడు విప్పి చూపవలె.

నేడు బొమ్మలకు తెర అక్కరలేదు. అరచేతిలోని ఫోనులో అవి గడియకొకటి వస్తున్నవి. లేని ముఖాన్ని ఉన్నట్లు, అనని మాటను అన్నట్లు చూపగల యంత్రాలు సామాన్యుల చేతికి అందినవి. ఏ వెలుతురులో ఎవని ముఖం ఉంచితే జనానికి భయం పుడుతుందో, ఏ గుంపును ఎలుకలతో పోల్చితే ద్వేషం పుడుతుందో ఎరిగినవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వారి విద్య క్రొత్తది కాదు. దాని గుణదోషాలు రెండూ జర్మన్ చిత్రాలలో నూరేండ్ల క్రిందటనే బయటపడినవి. భాషాపాఠంలో వాక్యాన్ని విడదీసి కర్త ఎవరు, కర్మ ఏది అని అడిగినట్లే, బొమ్మను కూడ విడదీసి దీపం ఎక్కడ పెట్టినారు, నీడ ఎవరిమీద పడినది, ఎవరి లాభానికి అని అడగడం పిల్లలకు అలవాటు చేయవచ్చు.

కాలిగారి చిత్రంలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం ఒకటి ఉన్నది. గుడారంలో యజమాని పిలువగానే సెజారె ముఖం తెరనంతా ఆక్రమిస్తుంది. కనురెప్పలు వణికి, మెల్లగా విడిపోయి, పెద్ద కండ్లు తెరచుకొంటవి. ప్రేక్షకులు ఉలిక్కిపడతారు. కాని అతడు మేలుకొనలేదు, ఆజ్ఞ విన్నాడు. ఈ రెండింటికీ గల తేడా తెలుసుకొన్న విద్యార్థికి ఈ చిత్రాలు నేర్పవలసినది నేర్పినట్లే.